మహారాజశ్రీ పీస్‌మేకర్ గారికి, తూటాల లెక్క కోరుతూ

మహారాజశ్రీ కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్, ఉరఫ్ పీస్‌మేకర్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఆచారం కొద్దీ రాశాను గానీ, తమరు మధ్యలో ఉన్నప్పుడు ఉభయులూ కుశలంగా ఉండటం జరిగే పని కాదని తెలుసు. శాంతి కుదిర్చేవాడని తమరికి బిరుదు. పేరు గంగాభవాని, తాగబోతే నీళ్లు లేవు అన్న సామెత తమరికోసమే పుట్టి, దారి తప్పి మా గోదావరి వైపు వచ్చినట్టుంది.

పాత వెస్టర్న్ సీరియళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. ‘గన్‌స్మోక్’, ‘బొనాంజా’, ‘వ్యాగన్ ట్రైన్’ అని పేర్లు తలుచుకుని, ఆ రోజులే వేరంటారు. మంచివాడు మంచివాడేనట, చెడ్డవాడు చెడ్డవాడేనట, మధ్యలో తమరొక్కరే న్యాయమూర్తి అట. తెలుగులో గుళ్లంటే దేవాలయాలూ అవే, తుపాకీ గుండ్లూ అవే. తమరి భక్తుల వరస చూస్తే ఆ తేడా అక్కర్లేదనిపిస్తుంది. వాళ్ల భక్తికి అడ్డు రావడం నా ఉద్దేశం కాదు. నేనూ ఆ గుడి మెట్ల మీద కూచునేవాణ్ణే. కాకపోతే నా చేతిలో జపమాల బదులు చిట్టా పుస్తకం ఉంది. అందులో పద్దులు కలవడం లేదు.

తమరికి తూటాలు పెట్టే గదులు ఆరు. కౌబాయ్ బండరాయి వెనక నక్కి పేలుస్తాడు. నేను వేళ్లు మడుస్తాను. ఆరు అయ్యాయి, ఏడు అయ్యాయి, తొమ్మిది, పదకొండు. రెండు చేతుల వేళ్లూ అయిపోయి కాలివేళ్ల దాకా వచ్చినా తమరు ఆగరు. ధర్మరాజుకు అక్షయపాత్ర ఇచ్చిన సూర్యుడు కూడా రోజూ ద్రౌపది భోంచేసేదాకానే అని షరతు పెట్టాడే, తమరికి ఆ షరతూ లేదా?

అసలు ఆరనేది కూడా పెద్ద మనసుతో వేసిన లెక్కే. తమరిని దగ్గరగా ఎరిగినవాళ్లు అయిదే నింపేవాళ్లు. ఎలా నింపుతారో తమరికి తెలియదని కాదు, సీరియల్ చూసేవాళ్లకు తెలియాలని చెబుతున్నాను. వెనకుండే సుత్తిని, అదే హ్యామర్‌ను, రెండో టిక్కు వినిపించేదాకా వెనక్కి లాగితే సగంలో ఆగుతుంది, ఆరు గదుల సిలిండర్ చేత్తో తిరగడం మొదలెడుతుంది. కుడిపక్కన చిన్న రేకు తలుపు తెరవాలి. ఒక గదిలో తూటా, తర్వాతి గది ఖాళీ, ఆ తర్వాత వరసగా నాలుగు తూటాలు. తలుపు మూసి, హ్యామర్‌ను పూర్తిగా లాగి, మెల్లగా దించితే అది సరిగ్గా ఖాళీ గది మీద కూచుంటుంది. ఇంత జాగ్రత్త ఎందుకంటే, హ్యామర్ ముక్కు నేరుగా ప్రైమర్‌ను, అంటే తూటా అడుగున నిప్పు రాజేసే బిళ్లను, కొట్టే రకం తమరిది. తూటా ఉన్న గది మీదే దాన్ని ఆనించి ఉంచితే, కింద పడ్డప్పుడు ఆ దెబ్బ చాలు. జారకుండా పట్టడానికి మొదటి గాటు ఒకటుంది, దాన్ని నమ్ముకున్నవాడు పాదం మీద ఆశ వదులుకోవాలి.

ఇది నా కల్పన కాదు. 1876 జనవరిలో విచిటా ఊళ్లో ఒక సెలూన్ వెనకగదిలో కుర్చీలో కూచున్న ఒక పోలీసు ఒరలోంచి రివాల్వర్ జారి పడి పేలింది. గుండు అతని కోటులోంచి దూసుకెళ్లి, గోడకు తగిలి, పైకప్పులోంచి బయటికి పోయింది. ఊరి పత్రిక ఆ ముచ్చట అచ్చేసింది. ఆ పోలీసు పేరు వ్యాట్ ఎర్ప్. అవును, 1955 నుంచి ఆరేళ్లు ఏబీసీ ఛానల్ ఎవరి పేరుమీద వీరగాథ నడిపిందో ఆయనే. (సెలూన్ అంటే అక్కడ సారా దుకాణం, మనవైపు క్షవరశాల. ఆ రోజు వ్యాట్ గారికి తృటిలో తప్పింది అదే.)

ఇక అయిపోయిన తూటాల సంగతి. మళ్లీ ఆ తలుపు తెరిచి, గొట్టం కిందున్న పుల్లతో ఒక్కో ఖాళీ తొడుగునూ వెనక్కి నెట్టాలి. ఒకటి నెట్టి, సిలిండర్ ఒక గది తిప్పి, ఇంకొకటి. తర్వాత ఒక్కొక్కటిగా కొత్తవి వెయ్యాలి. నల్ల మందు మసి పట్టి తొడుగులు ఇరుక్కుంటే, పక్కన ఎదురుకాల్పులు జరుగుతుంటే, చెయ్యి తిరిగినవాడికైనా అరనిమిషం పడుతుంది. ‘గన్‌స్మోక్’ మొదటి ఆరు సీజన్లూ అరగంట ఎపిసోడ్లే. అందులో ప్రకటనలు పోగా మిగిలిన సమయంలో ప్రతి పోట్లాటలోనూ హీరో పుల్ల పట్టుకుని తొడుగులు నెడుతూ కూచుంటే మార్షల్ డిల్లన్ కాస్తా గుండీలు కుట్టుకునే దర్జీలా కనబడతాడు. అందుకని ఎడిటర్ గారు అవతలివాడి మొహం చూపిస్తారు, తిరిగొచ్చేసరికి తమరి కడుపు నిండుగా ఉంటుంది. చాలకపోతే శబ్దం కలిపే మహానుభావుడు ఇంకో నాలుగు ఢాంలు వేస్తాడు. రాయే లేని ఇసక ఎడారిలో గుండు రాతికి తగిలి ‘టిఁయ్’మని మోగేది కూడా ఆయన చలవే.

నల్ల మందు అన్నాను కదా, తెలుగులో నల్లమందంటే ఇంకో సరుకు కూడా ఉంది, దాని మత్తు వేరు. తమరి తొలిరోజుల తూటాలో పోసింది నల్ల తుపాకి మందు. అది కాలితే తెల్లటి పొగ గోడలా లేస్తుంది. పొగరాని మందుతో వాడుకోవచ్చని కోల్ట్ కంపెనీ తమరికి హామీ ఇచ్చింది 1900లోనే. అంటే 1870ల నాటి సెలూన్‌లో, తలుపులు మూసి ఉండగా నలుగురు తలా మూడు కాల్పులు కాల్చారంటే ఎవరు పడ్డారో, ఎవరు బల్లకింద దాక్కున్నారో చూడటానికి కిటికీలు తెరుచుకుని కాసేపు ఆగాల్సిందే. ఇరవై సీజన్లు, 635 ఎపిసోడ్లు నడిచిన సీరియల్‌కు తుపాకీ పొగ అని పేరు పెట్టారు, బాగానే ఉంది. టైటిల్లో ఉన్నంత పొగ తెరమీద ఉంటే హీరో మొహం కనబడేది కాదు.

తమరి దెబ్బకు మనిషి గాల్లో ఎగిరి గోడ బద్దలు కొట్టుకుని వెళ్లడం గురించి కూడా ఒక పద్దు ఉంది. తమరి గుండు బరువు 255 గ్రెయిన్లు, అంటే పదహారున్నర గ్రాములు. వేగం సెకనుకు సుమారు 260 మీటర్లు అనుకుందాం. డెబ్బై కిలోల మనిషికి ఆ ఊపు మొత్తం అంటించినా అతను కదిలేది సెకనుకు ఆరు సెంటీమీటర్లు. చీమ కంటే వేగమే, ఒప్పుకుంటాను. పైగా అంతే ఊపు పేల్చినవాడికీ తగలాలి. తగిలినవాడు ఎగిరితే పేల్చినవాడూ వెనక్కి ఎగరాలి. 1953 నాటి ‘షేన్’ సినిమాలో కాల్పు తగిలిన మనిషిని నడుముకు తీగ కట్టి వెనక్కి లాగారు. చూసినవాళ్లు అదిరిపోయారు, తర్వాత అందరూ తీగలు కొనుక్కున్నారు. ఆ కీర్తి తమరి ఖాతాలో పడింది, తీగ లాగినవాడికి కాఫీ డబ్బులైనా పంపారా?

తొడ మీద కిందికి జారి, కాలికి తాడుతో కట్టి ఉండే ఆ ఒర విషయంలో కూడా తమరి ఆత్మకథ సవరించుకోవాలి. పాతకాలపు ఫోటోల్లో ఒరలు నడుము దగ్గర ఎత్తుగా, తుపాకీని సగానికి పైగా మింగేసి ఉంటాయి. గుర్రం మీద గంటల తరబడి పోయేవాడికి తుపాకీ పడిపోకుండా ఉండటం ముఖ్యం, అర సెకనులో లాగడం కాదు. మెరుపువేగపు ఒరను అందరికీ అలవాటు చేసింది ఆర్వో ఒజాలా అనే హాలీవుడ్ పనివాడు. తోలు పొరల మధ్య లోహపు రేకు పెట్టాడు. ఒర బిగుసుకోదు కాబట్టి సిలిండర్ లోపలే తిరుగుతుంది, తుపాకీ బయటికి రాకముందే హ్యామర్ లాగేసుకోవచ్చు. పెద్ద పెద్ద నటులకు లాగడం నేర్పింది ఆయనే, ‘గన్‌స్మోక్’ మొదట్లో వారం వారం మార్షల్ చేతిలో పడిపోయిందీ ఆయనే. గురుదక్షిణ అంటే అలా ఉండాలి. ఆ వేగం చూసి 1950ల చివర్లో ఇళ్లల్లో నిజం తూటాలతో సాధన చేసినవాళ్లు కొందరు సొంత కాళ్లకే తూట్లు పొడుచుకున్నారు. కారణం తేలికే: ఒరలోనే హ్యామర్ లాగి ఉంది, వేలు ట్రిగ్గర్ మీదుంది, గొట్టం ఇంకా తొడవైపే ఉంది.

అరచేత్తో హ్యామర్‌ను టపటపా కొట్టి పేల్చే విద్య కూడా తెర మీద చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. లోపల మాత్రం సిలిండర్‌ను ఆపే గడియ అంచులు అరుగుతాయి, పల్చటి బద్దీ స్ప్రింగులు పుటుక్కుమంటాయి. నెలకు ముప్ఫై డాలర్ల చుట్టుపక్కల జీతంతో పశువులు తోలుకునేవాడు, పదిహేడు డాలర్ల తమరిని అలా మోదుకుంటాడా? తూటాలే ఖరీదు, సాధనకు కాల్చడానికే వెనకాడేవాడు.

తమరిని ఒంటరిగా నిలబెట్టి తిట్టడం న్యాయం కాదు. తమరి బంధువర్గమూ తక్కువ తినలేదు. ‘ద రైఫిల్‌మ్యాన్’ కథ నడిచేది 1880ల్లో, హీరో చేతిలో వించెస్టర్ మోడల్ 1892. ‘వాంటెడ్: డెడ్ ఆర్ అలైవ్’లో స్టీవ్ మెక్వీన్ అదే రైఫిల్‌ను కోసి పొట్టిచేసి నడుముకు తగిలించుకుంటే, బెల్టులో మాత్రం దానిలో పట్టని పెద్ద .45-70 తూటాలు వరస కట్టారు, తెరమీద నిండుగా కనబడతాయని. పెళ్లికూతురికి నగలు అద్దెకు తెచ్చినట్టు. ‘ద సెర్చర్స్’ సినిమా కథ మొదలయ్యేది 1868లో, తమరు పుట్టింది 1873లో. జాన్ వేన్ నడుముకు మాత్రం తమరే. పుట్టకముందే ఉద్యోగంలో చేరిన ఘనత మా తాలూకాఫీసు దొంగ రికార్డుల్లో కూడా కష్టం.

అయితే మహారాజశ్రీ, తమరు నా దగ్గర దాచలేని అసలు సంగతి వేరే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికే తమరి పని అయిపోయింది. కొనేవాళ్లు తగ్గి, 1941కల్లా కంపెనీ తమరి తయారీ ఆపేసింది. తమరిని చేసే యంత్రాలు కూడా దారి తప్పాయి. ఆ తర్వాత టీవీ వచ్చింది, సాయంత్రం అయ్యేసరికి ఇంటింటా తమరి మోతే. జనం దుకాణాలకు వెళ్లి ‘అది కావాలి’ అన్నారు. 1956 నాటికి కోల్ట్ మళ్లీ తమరిని చేయడం మొదలెట్టింది. పడమటి సీమను గెలిచిన తుపాకీ అని తమరిని పొగిడేవాళ్లు గమనించరు గానీ, తమరిని రెండోసారి బతికించింది పడమటి సీమ కాదు, డ్రాయింగ్ రూములో సోఫా.

ఇంకొక విచిత్రం. వ్యాట్ ఎర్ప్‌కు పన్నెండు అంగుళాల గొట్టంతో ప్రత్యేకంగా చేయించిన ‘బంట్‌లైన్ స్పెషల్’ ఉండేదని 1931లో వచ్చిన ఒక జీవితకథ చెప్పింది. కంపెనీ పాత చిట్టాల్లో అలాంటి ఆర్డరు దొరకలేదు. టీవీ వ్యాట్ మాత్రం దాన్నే తగిలించుకుని తిరిగాడు. జనానికి నచ్చింది. 1957లో కంపెనీ దాన్ని నిజంగానే తయారు చేసి అమ్మింది! జరగని పెళ్లికి పుట్టిన బిడ్డకు బారసాల చేసినట్టయింది. ఇవాళ ఆ తుపాకీ ఎవరింట్లోనైనా గోడమీద ఉంటే, అది నిఖార్సైన అసలు సరుకే. దేనికి అసలు అని మాత్రం అడక్కూడదు.

పోనీ తమరు రాజ్యమేలిన ఊళ్లయినా తమరిని నెత్తిన పెట్టుకున్నాయా? డాడ్జ్ సిటీలో తుపాకీ పట్టుకు తిరగడం నిషేధమని నడివీధిలో బోర్డు పెట్టారు, దాని ఫోటో ఉంది. టూంబ్‌స్టోన్‌లో ఊళ్లోకి రాగానే ఆయుధం అప్పగించాలని 1881లో శాసనం చేశారు. ఆ అక్టోబరు 26న ఓకే కొరాల్ దగ్గరి ఖాళీ స్థలంలో జరిగిన కాల్పులకు అప్పటికప్పుడు చెప్పిన కారణం ఆ శాసనమే: ఆయుధాలు వేసుకుని తిరుగుతున్న వాళ్లను నిరాయుధుల్ని చేయబోవడం. సుమారు ముప్ఫై సెకన్లు, సుమారు ముప్ఫై కాల్పులు, ముగ్గురు చచ్చారు. తుపాకీల మీద ఆంక్ష పెట్టిన ఊళ్లనే తుపాకీ స్వర్గాలుగా చూపించి డెబ్బై ఏళ్లు నమ్మించారు. ఈ విద్య మా నాయకులు మీ దగ్గరే నేర్చుకున్నారేమో.

మా వైపు కూడా తమరి పలుకుబడి తక్కువేం కాదు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చాక కృష్ణ తెలుగువాళ్లకు కౌబాయ్ అయిపోయారు. టోపీ, గుర్రం, ఎడారి అన్నీ మారువేషంలో దిగాయి. తూటాలు లెక్కపెట్టని అలవాటు మాత్రం వేషం మార్చకుండానే దిగింది. దాంతో పోలిస్తే దీపావళి రీలు తుపాకీకి నిజాయితీ ఎక్కువ. రీలు అయిపోతే ‘టక్’మని ఊరుకుంటుంది, పిల్లవాడు అమ్మ దగ్గరికి ఇంకో రీలు కోసం పరిగెత్తాల్సిందే.

తెరమీద తమరి నోట్లో పెట్టేవి ‘ఫైవ్ ఇన్ వన్’ అనే ఉత్త తూటాలు. మూడు క్యాలిబర్ల రివాల్వర్లకూ రెండు క్యాలిబర్ల రైఫిళ్లకూ అదే సరిపోయేలా చేశారు, అందుకే ఆ పేరు. గుండు ఉండదు, మందూ మూతబిళ్లా ఉంటాయి. దగ్గర్నుంచి అదే ఒళ్లు కాల్చగలదు, అందుకే ఎదుటివాడికి కొంచెం పక్కగా గురిపెట్టి, కెమెరా కోణంతో సరిచేస్తారు. మందు కూడా ఉండని డమ్మీలు వేరు, అవి కనబడటానికే. నిజం తూటా, ఉత్త తూటా, డమ్మీ, ఈ మూడు రకాలూ ఒక్క పెట్టెలో కలవకుండా చూడటమే సెట్ మీద ఆయుధాల మనిషి పని. 2021 అక్టోబరు 21న న్యూ మెక్సికోలో ఒక వెస్టర్న్ చిత్రీకరణలో, తమరి నమూనా తుపాకీలో డమ్మీ ఉండాల్సిన గదిలో నిజం తూటా ఉంది. ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయారు. ఈ పద్దు దగ్గర నాకు వెటకారం రాలేదు.

చిట్టా అంతా విప్పాను. తమరి మీద నాకు కోపం లేదు. వచ్చే శనివారం కూడా తమరి పాత ఎపిసోడ్ చూస్తాను, వేళ్లు మడుస్తూనే. ఏడో మోత వినగానే నవ్వొస్తుంది, ఆ నవ్వు కోసమే చూస్తున్నానేమో కూడా.

ఇట్లు,
తమరి విధేయుడు,
వేళ్లు లెక్కపెట్టేవాడు

తా.క.: జవాబు రాయనక్కర్లేదు. రాస్తే మాత్రం ఆరు మాటల్లో ముగించండి. ఏడో మాట కనబడితే అది తమరిది కాదని, ఎడిటర్ గారిదని అనుకుంటాను.