సూది గుచ్చుకునేది ఎవరి చేతికి?

ఇన్సులిన్ వాడే ఇంట్లో సూదులు వారం వారం పోగవుతూనే ఉంటాయి. వాటిని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేస్తే, ఆ పొట్లం చివరికి చేరేది పారిశుద్ధ్య కార్మికురాలి చేతికి. చెన్నైలో ఈ పని చేస్తున్నవారిలో తరాల కిందట తెలుగు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలవారు చాలామంది ఉన్నారు. గుడ్డ తొడుగు సూదిని ఆపదు. రక్తం అంటిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి సోకే ప్రమాదం ఉంటుంది.

వాడిన సూదులు వేయడానికి ఖాళీ అయిన ఫినాయిల్ సీసా, బట్టల లిక్విడ్ డబ్బా లాంటి మందపాటి ప్లాస్టిక్ చాలు. నీళ్ల సీసా పనికిరాదు, దాని పల్చటి గోడలోంచి సూది బయటికి పొడుచుకొస్తుంది. వాడిన సూదిని వెంటనే అందులో వేయాలి. ముప్పావు వంతు నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, పైన ఎర్ర సిరాతో ‘సూదులు’ అని తమిళంలోనూ రాయాలి. చెత్త తీసుకునేవారు చదవగలిగితేనే ఆ హెచ్చరికకు విలువ.

పాత థర్మామీటరు పగిలినప్పుడు జరిగే పొరపాటు చీపురు పట్టడం. పాదరసం ఇంకా చిన్న బొట్లుగా చెదిరి గచ్చు సందుల్లో దూరి, రోజుల తరబడి ఆవిరవుతూ ఉంటుంది. ఒక్క థర్మామీటరులో అర గ్రాముకు తగ్గకుండా పాదరసం ఉంటుంది, అంటే దాదాపు వంద సీఎఫ్‌ఎల్ బల్బుల్లో ఉన్నంత. పిల్లల్ని బయటికి పంపి, ఫ్యాను ఆపి, కిటికీలు తెరవాలి. ఉంగరాలు, గాజులు తీసేయాలి, పాదరసం బంగారానికి పట్టుకుంటే వదలదు. రెండు అట్టముక్కలతో బొట్లను దగ్గరికి చేర్చి, మిగిలిన నలుసులను సెల్లోటేపుతో అద్ది, అన్నిటినీ గాజు సీసాలో వేసి మూత బిగించాలి.

ఫోన్ బ్యాటరీ చెత్త లారీలో నలిగితే లోపల షార్టయి మంటలు లేస్తాయి. అందుకే దాని కొనలకు టేపు అంటించి విడిగా ఇవ్వాలి. ఉబ్బినదాన్ని పొడవకూడదు, మళ్లీ చార్జింగ్ పెట్టకూడదు. కాలం చెల్లిన సిరప్పులను సింకులో పోయడమూ తప్పే, మురుగునీటి శుద్ధి కేంద్రాలను మందులను వడకట్టడానికి కట్టలేదు.

ఇంత జాగ్రత్తగా మూటకట్టిన ఇల్లాలు దాన్ని ఎక్కడ ఇవ్వాలి? 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇళ్లలోని ప్రమాదకర చెత్త కోసం ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం పెట్టాలని, దాని వేళలు ప్రకటించాలని స్థానిక సంస్థలకు చెప్పాయి. 426 చదరపు కిలోమీటర్ల చెన్నై కార్పొరేషన్‌కు ఆ లెక్కన కనీసం 22 కేంద్రాలుండాలి. అవి ఎక్కడున్నాయో, ఎప్పుడు తెరుస్తారో ప్రతి చెత్తబండి మీదా తమిళం, తెలుగు, హిందీల్లో రాయించాలి. అక్కడ చేరిన సీసాలు కొడుంగయ్యూరు, పెరుంగుడి చెత్త గుట్టలకు కాక, గుమ్మిడిపూండిలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రం లాంటి చోటికే వెళ్తున్నాయని కార్పొరేషన్ నెలనెలా లెక్క చూపాలి.