వెన్న శాతానికేనా విలువ?

పాలసెంటర్‌లో మిషన్ చూపించేది రెండు అంకెలే. ఒకటి ఫ్యాట్ అంటే వెన్న, రెండోది ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం. చిట్టీ మీద రేటు తేల్చేవి అవే. బర్రె ఏం మేసింది, దాని పెండ చేనుకు చేరిందా వాగులో కలిసిందా, జబ్బు చేస్తే ఏ సూది వేయించారు అన్నది ఎవరూ అడగరు. అడగాలి, ఇవన్నీ బాగా చూసుకున్న రైతుకు డబ్బు కూడా కట్టాలి అన్నది మా వాదన.

నెదర్లాండ్స్‌లో ఈ లెక్క ఎప్పుడో మొదలైంది. ఏడాదికి కనీసం 120 రోజులు, రోజుకు 6 గంటల చొప్పున ఆవులను బయట మేపిన రైతు పాలకు అక్కడ అదనపు ధర ఉంది. ఫ్రీస్లాండ్‌కాంపినా అనే సహకార డెయిరీ, రాబోబ్యాంక్, ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కలిసి ఇంకో అడుగు వేశాయి. దున్నకుండా ఉంచిన గడ్డినేల ఎంత, పశువు తినే ప్రొటీన్‌లో సొంత పొలంలో పండింది ఎంత, నేలలో మిగిలిపోయిన నత్రజని ఎంత అని చూసి మార్కులేసే పద్ధతి తెచ్చాయి. మంచి మార్కులున్న రైతుకు బ్యాంకు వడ్డీలోనూ రాయితీ ఇచ్చింది.

ఆ మార్కుల పట్టీని యథాతథంగా వరంగల్‌కు దించితే నవ్వులపాలవుతాం. మన దగ్గర పాడి అంటే ఎక్కువ ఇళ్లలో రెండు మూడు బర్రెలు. కొందరికి గుంట భూమి కూడా ఉండదు. ఆ బర్రెల కడుపు నిండేది పొలం గెట్ల మీద కోసుకొచ్చిన పచ్చిగడ్డితో, చెరువు శిఖంలో, అంటే నీళ్లు తగ్గితే తేలే నేలలో మేపుతో. మన జీవవైవిధ్యం సంగతి కూడా అక్కడే తేలుతుంది. పత్తిలో కలుపు తీయించే కూలీ భరించలేక గడ్డిమందు కొడుతున్నారు, పనిలో పనిగా గెట్టు మీదా కొట్టేస్తున్నారు. గరిక మాడిపోతుంది. దాని నీడన బతికే పురుగూ, పురుగు కోసం వచ్చే పిట్టా పోతాయి. మర్నాడు కొడవలి పట్టుకొని వచ్చిన ఆడమనిషికి కోయడానికేమీ ఉండదు. ఆమె బజారులో దాణా కొనాలి. నష్టం ఆమెది, మందు కొట్టింది ఇంకొకరు.

అందుకే రైతుకిచ్చే ఈ అదనపు డబ్బును లీటరుకింత అని పంచేస్తే సరిపోదు. అలా చేస్తే ఎక్కువ పాలు పోసేవారికే ఎక్కువ పోతుంది. సగం డబ్బు గడ్డిమందు కొట్టకుండా గెట్టు ఉంచిన రైతుకు, సగం ఊరి పాల సంఘానికి ఇవ్వాలని మా సూచన. శిఖం భూమి కాపాడటానికి, గెట్ల వెంట అవిశ, కానుగ నాటడానికి సంఘం దాన్ని వాడుకోవచ్చు. తనిఖీకి జీపులో అధికారి రానక్కర్లేదు. ఎవరి గెట్టు పచ్చగా ఉందో గడ్డి కోసే ఆడవాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. హన్మకొండ జిల్లా ముల్కనూరులో రెండు దశాబ్దాలకు పైగా మహిళలే సహకార డెయిరీ నడుపుతున్నారు. ఈ ప్రయోగం అలాంటి చోటే మొదలుకావాలి.

వరిగడ్డి సంగతీ ఉంది. హార్వెస్టర్ కోసి వదిలిన గడ్డిని కట్టలు కట్టించే ఖర్చుకు వెనకాడి నిప్పు పెడుతున్నారు. ఆ ఖర్చులో కొంత డెయిరీ భరిస్తే బర్రెలకు ఎండుగడ్డి, ఊరికి పొగ లేని సాయంత్రం.

ఇక సూది మాట. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూర్ అడవుల్లో పాలరాపు గుట్ట రాబందులు గూళ్లు పెట్టిన చోటు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు సూది వేసిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చస్తుంది. దేశంలో రాబందులు 90 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోవడానికి ప్రధాన కారణం ఇదే. పశువులకు దీని వాడకాన్ని 2006లో నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు వాడుతున్నారని 2015లో సీసాను ఒక్క డోసుకు, 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో పశువులకు కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందులనూ నిషేధించారు. వీటికి బదులుగా రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఉంది. నిషేధం గెజిట్‌లో ఉంటే చాలదు, అర్ధరాత్రి బర్రె లేవలేక పడిపోతే రైతు పిలిచే మనిషి సంచిలో ఏ మందు ఉందన్నదే అసలు ప్రశ్న. మెలాక్సికామ్‌ను పాలసెంటర్‌లోనే ఉంచి, పశువైద్యుడు రాసిన చీటీపై ఉచితంగా ఇవ్వడానికి డెయిరీలకు పెద్ద ఖర్చేమీ కాదు.

డబ్బెక్కడిది అంటారేమో. పాడి రైతుకు లీటరుకు 4 రూపాయల ప్రభుత్వ ప్రోత్సాహకం తెలంగాణకు కొత్త కాదు. విజయ డెయిరీ రైతులతో మొదలై ముల్కనూరు, కరీంనగర్ డెయిరీలకూ వచ్చింది. నెలల తరబడి బకాయి పడటమూ చూశాం. ఈసారి వేరే ఫారం, వేరే ఖాతా అంటూ తిప్పకుండా పదిహేను రోజుల పాల బిల్లులోనే కలిపి వేయాలి. ఏడాది చివర చూద్దామంటే ఈలోపు గెట్టు మీద మందు పడుతుంది.