ముఖ్యమంత్రిని మారిస్తే గెలుపు ఖాయమా? లెక్క అలా లేదు

ఏ రాష్ట్రంలోనైనా జనం ప్రభుత్వంతో విసిగారని తెలియగానే ఒక వాదన చక్కర్లు కొడుతుంది. "గుజరాత్, ఉత్తరాఖండ్, త్రిపుర, హర్యానా చూడండి. మధ్యలో ముఖ్యమంత్రిని మార్చిన చోటల్లా అధికార పార్టీ గెలిచింది. జనం కోపం దిగిపోయే మనిషితోనే పోతుంది. మన దగ్గర 1995 కూడా అదే చెప్పింది. కొత్త ముఖానికి జనం ఇంకో అవకాశం ఇస్తారు." చదివినవాళ్లు నిజమేననుకుని ఇంకో పదిమందికి పంపుతున్నారు. అందుకే ఒక్కో మాటా విడిగా చూడాలి.

"మార్చిన చోటల్లా గెలిచారు."

ఓడినవాళ్లను లెక్కలోంచి తీసేస్తే అలాగే కనిపిస్తుంది. 2021 జులైలో యడియూరప్పను దించి బొమ్మైని కూర్చోబెట్టిన బీజేపీకి 2023లో కర్ణాటక ఇచ్చినవి 224లో 66 సీట్లు. ఢిల్లీలో 1993-98 మధ్య అదే పార్టీ ఖురానా, సాహిబ్ సింగ్ వర్మ, సుష్మా స్వరాజ్‌లను ఒకరి తర్వాత ఒకరిగా తెచ్చింది. చివరికి మిగిలింది 70లో 15. ఉదాహరణగా చూపిస్తున్న ఉత్తరాఖండ్‌లోనే 2011లో నిశాంక్‌ను తప్పించి ఖండూరీని తెచ్చారు. 2012లో పార్టీ అధికారం పోగొట్టుకుంది, ఖండూరీ కోట్‌ద్వార్‌లో తానే ఓడిపోయారు. ఇక మార్చకుండా గెలిచినవాళ్ల సంగతి ఆ వాదనలో ఊసే లేదు. 2004 నుంచి 2009 దాకా వైఎస్ ఒక్కరే ముఖ్యమంత్రి, కాంగ్రెస్ 156 సీట్లతో మళ్లీ వచ్చింది.

"కోపం మనిషితోనే పోతుంది."

తెలుగువాళ్లు నమ్మకూడని మాట ఏదైనా ఉందంటే ఇదే. 1978లో గెలిచిన కాంగ్రెస్ ఐదేళ్లు నిండేలోపు నలుగురు ముఖ్యమంత్రులను చూపించింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. భవనం ఉన్నది దాదాపు 7 నెలలు. ఎన్నికలకు వెళ్లేనాటికి కోట్లకు 4 నెలలు కూడా నిండలేదు. తంతు మనకు తెలిసిందే. ఢిల్లీ నుంచి పరిశీలకులు దిగుతారు. శాసనసభాపక్షం కూర్చుని, నాయకుణ్ణి ఎంచే పని అధిష్ఠానానికే వదిలేస్తూ ఏకవాక్య తీర్మానం చేస్తుంది. పేరు పైనుంచి వస్తుంది. సీల్డ్ కవర్ ముఖ్యమంత్రులు అన్న మాట మన రాజకీయాల్లో పాతుకుపోయింది ఇలాంటి తంతుల వల్లే.

1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయానికి దండలతో, జనంతో ఎదురెళ్లిన ముఖ్యమంత్రి అంజయ్యను అప్పటికి ఎంపీ అయిన రాజీవ్ గాంధీ అందరి ముందే మందలించారు. ఆ నెలలోనే అంజయ్య పదవి పోయింది. మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం ప్రకటించి ఆత్మగౌరవం అన్న మాటతో ఊరూరా తిరిగారు. పై వాదనే నిజమైతే చెన్నారెడ్డి మీది కోపం చెన్నారెడ్డితో, అంజయ్య మీది అసంతృప్తి అంజయ్యతో పోవాలి. జరిగింది వేరు. మార్చిన ప్రతిసారీ జనానికి పదవిలో ఉన్న మనిషి కన్నా, అతన్ని పెట్టి తీసేస్తున్న చెయ్యి ఎక్కువగా కనిపించింది. 1983 జనవరిలో కాంగ్రెస్‌కు 294లో 60 సీట్లు మిగిలాయి.

అంతటితో బుద్ధి వచ్చిందా? 1989లో గెలిచాక మళ్లీ చెన్నారెడ్డి, జనార్దనరెడ్డి, కోట్ల. 1994లో వచ్చినవి 26. 2014 ఓటమిని మాత్రం నేను ఈ ఖాతాలో రాయను. అక్కడ విభజన మిగతా అన్నింటినీ మింగేసింది.

"1995 కూడా అదే చెప్పింది."

ఎన్టీఆర్‌ను దించి చంద్రబాబు వచ్చింది 1995లో, తెలుగుదేశం అసెంబ్లీ గెలిచింది 1999లో. మధ్యలో జరిగిన రెండు లోక్‌సభ ఎన్నికలను దాటేసి ఈ రెంటికీ ముడిపెడుతున్నారు. 1996లో 42 స్థానాల్లో తెలుగుదేశానికి 16, కాంగ్రెస్‌కు 22. 1998లో తెలుగుదేశం 12కు పడిపోయింది, బీజేపీ 4 తెచ్చుకుంది. మార్పు తర్వాత జనం ముందుకు వెళ్లిన మొదటి రెండుసార్లూ ఆ పార్టీ కాంగ్రెస్ వెనకే ఉంది. 1999లో బీజేపీతో పొత్తు కుదిరింది, కార్గిల్ తర్వాత వాజపేయి గాలి వీచింది, నాలుగేళ్ల పాలన కూడా జనం ముందుంది. 180 సీట్లకు ఇన్ని కారణాలుంటే, నాలుగేళ్ల కిందటి కుర్చీ మార్పు ఒక్కదానికే ఆ ఘనత కట్టబెట్టడం అన్యాయం.

"గుజరాత్ చూడండి."

చూద్దాం, కానీ మొత్తం చూద్దాం. 2016లో ఆనందీబెన్‌ను మార్చి రూపానీని తెచ్చారు. 2017లో సీట్లు 115 నుంచి 99కి తగ్గాయి. 2021లో రూపానీని మార్చారు, 2022లో 156 వచ్చాయి. అదే రాష్ట్రం, అదే పార్టీ, అదే మందు, ఫలితాలు మాత్రం రెండు. రెండోసారి బీజేపీ ఓట్లు పెరిగింది 49 శాతం నుంచి 52 శాతం పైకి. కాంగ్రెస్ మాత్రం 41 నుంచి 27కి కూలింది, ఆమ్ ఆద్మీ పార్టీ 13 శాతం దాకా పట్టుకుపోయింది. సీట్ల ఉప్పెనకు ఆ చీలికే పెద్ద కారణం. పైగా అప్పుడు మార్చింది ముఖ్యమంత్రిని ఒక్కరినే కాదు, మంత్రివర్గం మొత్తాన్ని.

ఉత్తరాఖండ్‌లో 2022లో పార్టీ గెలిచింది నిజమే, కానీ కొత్త ముఖమైన ధామీ ఖటీమాలో ఓడిపోయారు. హర్యానాలో 2024లో బీజేపీ, కాంగ్రెస్‌ల ఓట్ల తేడా ఒక్క శాతం లోపే. అంత సన్నటి తేడాలో ముఖ్యమంత్రి ఖట్టర్‌ను మార్చడం కొంత కలిసొచ్చి ఉండవచ్చు, కాదనను. అయితే ఒక్క హర్యానాను పట్టుకుని అన్ని రాష్ట్రాలకూ సూత్రం రాయలేం.

"కొత్త ముఖానికి జనం అవకాశం ఇస్తారు."

దీనికి పంజాబ్‌ను మించిన పరీక్ష లేదు. 2021 సెప్టెంబరులో అమరీందర్ సింగ్ దిగిపోయి చరణ్‌జిత్ సింగ్ చన్నీ వచ్చారు. జనాభాలో దళితులు దాదాపు మూడో వంతు ఉన్న రాష్ట్రానికి తొలి దళిత ముఖ్యమంత్రి. ఇళ్లకు కరెంటు యూనిట్‌కు 3 రూపాయలు తగ్గించారు. ఐదు నెలల్లో ఎన్నికలొచ్చాయి. 77 సీట్ల కాంగ్రెస్ 18కి దిగింది. చన్నీ పోటీ చేసిన రెండు చోట్లా ఓడిపోయారు. నాలుగు వారాల్లో డ్రగ్స్ నడ్డి విరుస్తానని సిక్కుల ప్రార్థనా పుస్తకం గుట్కా సాహిబ్ చేతబట్టి అమరీందర్ చేసిన ప్రమాణం జనం మరిచిపోలేదు. ఆయన ఇంటికెళ్లినా ఓట్లడగడానికి వచ్చినవాళ్లలో చాలామంది ఆయన ప్రభుత్వంలో ఉన్నవాళ్లే. చన్నీ కూడా ఆ మంత్రివర్గంలో మంత్రే.