గొట్టంలో త్యాగం

స్పోర్ట్స్ కారు కొన్నవాడు స్వార్థపరుడని లోకం తొందరపడి తీర్మానించేస్తుంది. ఉన్నవి రెండు సీట్లు, అందులోనూ ఒకటి తనకే కదా అని. అదే మనిషి కారు కొన్న నెలకే కంపెనీ సైలెన్సర్ ఊడబీకించి ఇంకోటి వేయించుకుంటాడని ఈ విమర్శకులు గమనించరు. మంచి టైర్లు వేస్తే మలుపులో పట్టు తోలేవాడికే. బ్రేకులు మారిస్తే ధైర్యమూ తోలేవాడికే. గొట్టం ఒక్కటే వెనక్కి తిరిగి ఉంటుంది. దానిలోంచి వచ్చేదంతా వెనకవాళ్ల పాలే. సొంత డబ్బుతో ముక్కూ మొహం తెలియని జనం చెవులకు ఇంత చేసేవాణ్ణి దాత అనక ఏమనాలి?

డెసిబెల్ లెక్క చూస్తే ఈ దానం ఎంత గొప్పదో ఇంకా బాగా తెలుస్తుంది. మోత 10 డెసిబెల్స్ పెరిగిందంటే శబ్దశక్తి పదింతలైనట్టు. చెవికి మాత్రం అది సుమారు రెట్టింపుగానే వినిపిస్తుంది. ఈయన పదింతలు పంచినా పుచ్చుకునేవాళ్లకు ముట్టేది రెండింతలే. అయినా నొచ్చుకోడు.

మోత పెంచే ఈ గొట్టాన్ని మనం ఇప్పటికీ సైలెన్సర్ అనే అంటాం. "నీ సైలెన్సర్ భలే మోగుతోందిరా" అని మెచ్చుకుంటాం కూడా. దీని పుట్టుక వేరు. అమెరికాలో రీవ్స్ సోదరులు 1897లో ఇంజిన్ మోత తగ్గించే మఫ్లర్‌కు పేటెంట్ తీసుకున్నారు. మెషిన్ గన్ కనిపెట్టిన హైరం మాక్సిమ్ కొడుకు హైరం పెర్సీ మాక్సిమ్ ఏకంగా తుపాకీకే సైలెన్సర్ తొడిగి 1909లో పేటెంట్ పొందాడు. తండ్రి దడదడలాడించాడు, కొడుకు నోరు నొక్కాడు. మనం మనవల తరం కనుక తాత పక్షం. వంశమర్యాద నిలబెడుతున్నాం.

ఇక ఎంపిక. నోరు తెరిచి "మోత కోసం" అన్నవాడు ఇంతవరకు నాకు తారసపడలేదు. అందరూ పవర్ కోసమే మారుస్తారు. కంపెనీవాడు ఇంజిన్ గొంతు నులిమేశాడట, వీళ్లు విడిపిస్తున్నారట. పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా, అదే క్యాటలిటిక్ కన్వర్టర్, దాని వెనక భాగమంతా, అంటే క్యాట్-బ్యాక్, మార్చి ఊరుకుంటే కొత్తగా చేరే హార్స్‌పవర్ గుర్రాలను చాలాసార్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పొగ తోపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి కుక్కే టర్బో ఉన్న కారులో అసలు ఇరుకు టర్బోకు ఆనుకుని ఉన్న డౌన్‌పైప్ దగ్గర. దాన్ని మార్చి, పైన ఇంజిన్ కంప్యూటర్‌కు ట్యూనింగ్ చేయిస్తేనే చెప్పుకోదగ్గ లాభం. ఇదంతా ఎవరికీ వివరించనక్కర్లేదు. ఎవరైనా అడిగితే గంభీరంగా "ఫ్లో" అనండి. ఆపైన ఎవరూ అడగరు.

గొట్టం వ్యాసం గురించి ఈ వ్యాసంలో నాలుగు ముక్కలు రాయక తప్పదు. ఎంత లావైతే అంత మంచిదని ఒక వర్గం. ఇంజిన్‌కు కాస్త బ్యాక్‌ప్రెషర్ ఉండాలని ఇంకో వర్గం. ఎదురొత్తిడి కోరుకునే ఇంజిన్ ఎక్కడా లేదు. దానికి కావలసింది వాయువుల వడి. ఒక సిలిండర్ నుంచి వడిగా వెళ్లే పొగ తన వెనక ఒత్తిడి తగ్గించి, తర్వాతి సిలిండర్ పొగను లాక్కుపోతుంది. గొట్టం మరీ లావైతే ఆ వడి చచ్చి, తక్కువ ఆర్‌పీఎంలో ఉన్న లాగుడు కాస్తా పోతుంది. ఈ సంగతి చెప్పాక రెండు వర్గాలూ కలిసిపోయి నన్ను వెలివేశాయి. గొట్టం లావును బట్టి తానెంత గొట్టంగాడో కొలుచుకునేవాడికి భౌతికశాస్త్రం చెప్పబోవడం నాదే తప్పు.

లోహం సంగతి తొందరగా ముగిద్దాం. బరువు తగ్గాలంటే టైటానియం. ఉక్కు సాంద్రతలో దీనిది సగానికి కాస్త ఎక్కువ. వేడికి పైన ఆక్సైడ్ పొర పేరుకుని నీలం, ఊదా రంగులు తిరుగుతుంది. కష్టపడి పరిగెత్తిన గొట్టానికి వచ్చే రంగు అది. కొన్ని గొట్టాల కొసలను ముందే మంటతో కాల్చి ఆ నీలం తెప్పించి అమ్ముతారు. వయసు రాకముందే జుట్టుకు తెల్లరంగు వేయించుకున్నట్టు.

అసలు కథ లోపల కూర్చున్నవాడిది. మావాడొకడు నెలరోజులు వీడియోలు చూసి గొట్టం ఎంచుకున్నాడు. అవన్నీ కారు వెనక నిలబడి తీసినవే. మోత ఎక్కణ్ణుంచి వినాలో తీసినవాడికి తెలుసు. తాను ఎక్కడ కూర్చోబోతున్నాడో మావాడికే గుర్తులేదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే సెకనుకు 100 పేలుళ్లు. హైవే మీద కాలు కదపకుండా పోతున్నప్పుడు ఆ 100 హెర్ట్జ్ హోరు క్యాబిన్‌లో ఇరుక్కుని, తలను రోట్లో పెట్టి పోటు వేస్తుంది. దీన్నే డ్రోన్ అంటారు. దీనికీ మందుంది. ఒక కొస మూసేసిన పిల్లగొట్టాన్ని, కొలిచిన పొడవులో, పెద్దగొట్టానికి పక్కన అతికిస్తే ఆ హోరుకు ఎదురు తరంగం పుట్టి దాన్ని నొక్కేస్తుంది. మోత కోసం ఒక గొట్టం, మోతను చంపడానికి ఇంకో గొట్టం. మావాడు రెండూ వేయించాడు. తర్వాత బటన్ నొక్కితే నోరు మూసుకునే వాల్వ్ కూడా పెట్టించాడు. ఇన్ని చేశాక వచ్చిన నిశ్శబ్దం కారు కొన్ననాటి నిశ్శబ్దానికి బాగా దగ్గరగా ఉందని గర్వంగా చెప్పాడు.

యాక్సిలరేటర్ వదలగానే వచ్చే టపటపలు వేరే పద్దు. ఇంజిన్‌లో కాలాల్సిన ఇంధనాన్ని, స్పార్క్ ఆలస్యం చేసి, గొట్టంలో కాల్చడమే ఆ విద్య. ఆ వేడికి కన్వర్టర్‌లోని ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత నాశనమవుతుంది. బంగారంలాంటి లోహాలను టపాసుల కింద పేల్చడం! ఈ స్థాయి దానం రాజులకైనా చేతకాలేదు.

కరెంటు కార్లు వస్తే ఈ ధర్మం అంతరిస్తుందని కొందరు దిగులుపడ్డారు. 2022లో అమెరికా కార్ల కంపెనీ డాడ్జ్ 'ఛార్జర్' అనే తన కారుకు ఎలక్ట్రిక్ నమూనాను చూపిస్తూ, దానికి 126 డెసిబెల్స్ మోగే 'ఎగ్జాస్ట్', అంటే పొగగొట్టం, ఉందని ప్రకటించింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పూ లేదు, పొగా లేదు, గొట్టం మాత్రం ఉంది.

మావాడు కంపెనీ సైలెన్సర్‌ను పాత దుప్పట్లో చుట్టి గ్యారేజీ మూలన దాచాడు. మొన్న బండికి తనిఖీ గడువు వస్తే తీసి బిగించాడు. తనిఖీ అయ్యాక తిరిగొస్తూ పాటలు విన్నాడట, మధ్యలో తల్లి ఫోన్ చేస్తే మాట్లాడాడట, ఇల్లు చేరాక తలనొప్పి మాత్ర వేసుకోలేదట.

మర్నాడు పొద్దున్నే పెద్దగొట్టం మళ్లీ ఎక్కించేశాడు. అదేమిట్రా అంటే, "వెనకవాళ్లు అనుకోరూ?" అన్నాడు.