పదకొండు కుండీలు, నాలుగు రకాలు

అంజీర పిచ్చి ఉన్నవాళ్లకు ఈ పోస్ట్ నచ్చదు. ఆ పిచ్చి నాకూ ఉంది కాబట్టి తిట్లలో సగం నావే అనుకోండి.

డాబా మీద నాకు పదకొండు అంజీర కుండీలుండేవి. పదకొండింటికీ పదకొండు పేర్ల చీటీలు. ఎవరో పండు కోసి ఫొటో పెడతారు, లోపల ఎర్రగా జామ్‌లా మెరుస్తుంటుంది, కింద "ఇది లేని తోట తోటే కాదు" అని రాస్తారు. ఇంకేముంది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. కటింగ్ తెప్పించాల్సిందే. ఐదేళ్లయ్యాక కుండీలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మూడింట్లో ఉన్నది ఒకటే చెట్టని తేలింది. అదే ఆకు చీలిక, అదే కాయ, అదే రుచి. చీటీలే వేరు. ఇంకో జంట మీదా అనుమానమే.

ఇందులో వింతేమీ లేదు లెండి. అంజీరను కొమ్మ నాటే పెంచుతారు కాబట్టి మొక్కలో తేడా రాదు, కొమ్మ చేతులు మారినప్పుడల్లా పేరు మాత్రం మారుతుంది. ఇటలీ వాళ్ల డొట్టాటో అమెరికాలో కడోటా. టర్కీ వాళ్ల సరిలోప్ అక్కడికే వెళ్లి కాలిమిర్నా అయింది. ఐరా కాండిట్ అనే అమెరికా ఉద్యాన శాస్త్రవేత్త 1955లో ఈ రకాలన్నీ ఒకచోట గుదిగుచ్చేసరికి రకాలకంటే మారుపేర్లతోనే ఎక్కువ తంటా వచ్చింది. అలాంటిది "నా దగ్గర నలభై రకాలున్నాయి" అని ఎవరైనా అంటే, నలభై చీటీలున్నాయన్నమాట అనుకుంటాను.

కాలిమిర్నా స్మిర్నా జాతిది, ఆ పేరు వింటే నా పాత మంట గుర్తొచ్చింది. ఒక నర్సరీలో "తేనేనండీ ఇది" అని స్మిర్నా జాతి మొక్క నాకు అంటగట్టారు. మొక్క ఏపుగా పెరిగింది. కాయలూ వచ్చాయి. బొటనవేలి గోరంత అవ్వగానే పసుపురంగుకు తిరిగి, ముడుచుకుపోయి, టపటపా రాలాయి. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని తగ్గించాను. తక్కువయ్యాయేమోనని పెంచాను. మట్టి మార్చాను, కుండీ మార్చాను, ఎండ తగిలే చోటికి ఈడ్చాను. మూడేళ్లు ఇదే భాగోతం.

తప్పు నీళ్లదీ కాదు, మట్టిదీ కాదు. మనం అంజీర పండు అనుకునేది నిజానికి పూల సంచి, పూలన్నీ లోపలే ఉంటాయి. మామూలు రకాలకు పుప్పొడి అక్కర్లేదు, కాయ దానంతటదే పండుతుంది. స్మిర్నా జాతికి అలా కుదరదు. కాప్రిఫిగ్ అనే మగ అంజీర చెట్టు నుంచి చీమ తలకాయంత కందిరీగ ఒకటి పుప్పొడి మోసుకొచ్చి, కాయ అడుగున ఉన్న కన్నులోంచి దూరి లోపలికి వెళ్లాలి. కాలిఫోర్నియా రైతులు కూడా ఏళ్ల తరబడి కాయలు రాలిపోతుంటే తలలు పట్టుకున్నారు. 1899లో ఆ కీటకాన్ని తెచ్చి నిలబెట్టాకే కాయ నిలబడింది. నా డాబా మీదికి ఆ కందిరీగ ఎక్కడినుంచి వస్తుంది? శాన్ పెడ్రో అని ఇంకో తరహా ఉంది, మొదటి కాత ఇచ్చేసి రెండో కాతకు ఇలాగే కాయలు రాల్చేస్తుంది. అమ్మేవాడు ఈ ఒక్క ముక్క చెప్పడానికేం? నాదీ తప్పే, ఎంత తియ్యగా ఉంటుందని అడిగాను గానీ కాయ నిలుస్తుందా అని అడగలేదు.

(మేడికి చుట్టమే కదా, పొట్టలో పురుగులుండవా అని అడిగేవాళ్లకు: మామూలు రకాలకు ఆ కీటకంతో పనే లేదు. నిశ్చింతగా తినండి.)

అసలు గొడవ రుచి దగ్గర. బ్రౌన్ టర్కీ అనే రకమంటే అందరికీ చులకన. నీళ్ల రుచి, చప్పిడి పండు, పీకెయ్యండి అంటారు. నేనూ నా నోట్‌బుక్‌లో పదికి మూడు మార్కులేశాను. అంజీర కాయ కాస్త పెరిగి, తర్వాత నెలా నెలన్నర ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది. చివరి నాలుగైదు రోజుల్లోనే ఉబ్బి, రంగు తిరిగి, తీపెక్కుతుంది. అంతవరకు ఆగే ఓపిక నాకేదీ? రంగు మారితే చాలు, కోసేసేవాణ్ణి. తొడిమ దగ్గర తెల్లగా పాలు కారేవి. పాలు కారాయంటే పండలేదని అర్థం. కోశాక మెత్తబడుతుందేమో గానీ ఇక తీపి రాదు.

అమ్మ చూసి చూసి ఒకరోజు, "రోజూ పిసికి చూస్తుంటే అదేం పండుతుందిరా, దాని మానాన దాన్ని వదిలెయ్" అని ఒక కాయకు పల్చటి గుడ్డసంచి కట్టేసింది, పిట్టలకు అందకుండా, నాకూ అందకుండా. నాలుగో రోజు పొద్దున్నే విప్పాం. మెడ వంగి కాయ వేలాడుతోంది. తోలు మీద సన్నటి తెల్లటి పగుళ్లు. కంటి దగ్గర ఒక తేనె బొట్టు, జారడమా వద్దా అన్నట్టు. వేలు తగిలీ తగలగానే ఊడొచ్చింది, చుక్క పాలు లేవు. రెండుగా చీలిస్తే లోపల గులాబీ రంగు గుజ్జు, పంటి కింద గింజల కరకర. నోట్‌బుక్‌లో ఆ మూడు కొట్టేసి ఎనిమిది వేశాను. మిగతా పేజీల్లోని మార్కులన్నీ ఏ పచ్చికాయకు వేశానో ఏమో.

రకాల మధ్య తేడా లేదనను. వయొలెట్ ద బోర్డో చిన్నదే గానీ తీపి వెనకాల చిన్న పులుపు తగులుతుంది, అది నాకు ప్రాణం. కడోటాది వట్టి తేనె తీపి. చారల పండు పనాషే చూడ్డానికి భలే ఉంటుంది, పండేసరికి మన ఓపిక అయిపోతుంది. వానల్లో మాత్రం రుచికన్నా కన్ను ముఖ్యం. కన్ను తెరుచుకుని ఉండే రకమైతే నీళ్లూ చీమలూ దూరి రెండు రోజుల్లో పులిసిపోతుంది. ఇది ఏ ఫొటోలోనూ కనపడదు.

ఇప్పుడు పండ్ల కోసం నాలుగే ఉంచాను: బ్రౌన్ టర్కీ, బోర్డో, కడోటా, చీటీ పోయిన ఒక నల్లపండు. మిగతావి పంచేశాను. స్మిర్నా మొక్కను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, ఆకు బాగుందని గుమ్మం పక్కన పెట్టుకున్నాను.

కొమ్మలు కావాల్సినవాళ్లు కత్తిరింపుల సమయంలో అడగండి, ఇస్తాను. కోసేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, ఆ పాలు చర్మానికంటి ఎండ తగిలితే బొబ్బలొస్తాయి, నా మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది. ఆ నల్లదాని పేరు మాత్రం అడక్కండి. నలుగురు చూసి నాలుగు పేర్లు చెప్పి వెళ్లారు.