‘సిలా’ను ఒక్క పీరియడ్‌లో ఇరికించలేం
వాతావరణ మార్పును సైన్స్‌కే వదిలేయకుండా ప్రాథమిక తరగతుల్లో అన్ని సబ్జెక్టుల్లోనూ చెప్పాలని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. ఉత్తర కెనడాలోని ఆదివాసులైన ఇన్యూట్ల పిల్లల విషయంలో ఇది నూటికి నూరుపాళ్లు నిజం. వాళ్ల ఇనుక్టిటుట్ భాషలో ‘సిలా’ అంటే బయటి గాలి, వాతావరణం. తెలివి అన్న అర్థమూ ఉంది. అలాంటి మాటను ఒక్క పీరియడ్‌లో ఎలా ఇరికిస్తాం? అక్కడి పాండ్ ఇన్‌లెట్, నైన్ లాంటి ఊళ్లలో ‘స్మార్ట్‌ఐస్’ అనే సంస్థ వాళ్లు మంచు బండికి పరికరం కట్టి, లాక్కుంటూ వెళ్లి సముద్రపు మంచు మందం కొలుస్తున్నారు. ఆ అంకెలతోనే కూడికలు, గ్రాఫులు నేర్పొచ్చు. నేను మూడో తరగతికి లెక్కలు చెబుతాను. పిల్లలు తాము కొలిచిన అంకెలనైతే అస్సలు మర్చిపోరు, అది రోజూ చూస్తున్నాను. అయితే ఒక్క విషయంలో నాకు భయముంది. అక్కడ చాలామంది టీచర్లు దక్షిణ కెనడా నుంచి వచ్చినవాళ్లే, వాళ్లకు ఆ భాష రాదు. ఈటె కొనతో పొడిచి మంచు గట్టిదనం చెప్పగల పెద్దవాళ్లు ఆ ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లను ఏడాదికోసారి అతిథులుగా పిలిస్తే చాలదు, జీతమిచ్చి బడిలో పెట్టుకోవాలి. లేకపోతే ఏడేళ్ల పిల్లలకు మిగిలేది ‘మన మంచు కరిగిపోతోంది’ అన్న టెన్షనే.