రోకలిని నిలబెట్టేది గ్రహణం కాదు, దాని అడుగు

గ్రహణం వస్తుందంటే చాలు, ఆ వారమంతా ఫోన్లలో ఒకటే వీడియో తిరుగుతుంది. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు, అందులో నిట్టనిలువుగా రోకలి, చుట్టూ దండం పెట్టుకుంటున్న జనం. కింద ఇలా రాసి ఉంటుంది: "గ్రహణం పట్టినప్పుడు మాత్రమే రోకలి నిలబడుతుంది. సూర్యచంద్రుల ఆకర్షణ పైకి లాగడమే కారణం. గ్రహణం విడవగానే దానంతటదే పడిపోతుంది. గడియారాలు లేని రోజుల్లో మన పెద్దలు గ్రహణ కాలం ఇలాగే తెలుసుకునేవారు." బాగా చదువుకున్నవాళ్ళు కూడా దీన్ని పంపుతున్నారు. అందుకే ఒక్కో మాటా విడిగా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందుగా ఆ "మాత్రమే" సంగతి. 2020 జూన్ 21, ఆదివారం సూర్యగ్రహణం. మా వీధిలో పిన్ని వరస అయ్యే ఒకావిడ రోకలి నిలబెట్టింది. పిల్లలంతా చుట్టూ మూగారు. మూడు కిలోల రోకలి ఏ పసివాడి కాలిమీద పడుతుందోనని నాకు ఒకటే టెన్షన్. ఆ బుధవారం నేనే వెళ్ళి, "పిన్నీ, ఇవాళ ఏ గ్రహణమూ లేదు కదా, ఇంకోసారి నిలబెట్టి చూడు" అన్నాను. "ఇవాళ నిలబడదురా" అంటూనే తెచ్చింది. మూడుసార్లు ఒరిగిపోయింది. నాలుగోసారి రెండు చేతులతో పట్టుకుని, బరువు ఎటు లాగుతోందో చూసుకుంటూ మెల్లగా వేళ్ళు వదిలింది. నిలబడింది. తర్వాత పళ్ళెం తీసేసి పొడి గచ్చు మీద పెట్టాం. అక్కడా నిలబడింది. నీళ్ళకు ఇందులో పనేమీ లేదు.

కారణం రోకలి అడుగునే ఉంది. ఈసారి తిరగేసి చూడండి. ఇనుప పొన్ను వేసిన కొస చదునుగా, ఐదారు సెంటీమీటర్ల వెడల్పున ఉంటుంది. ఏ వస్తువుకైనా బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కించే బిందువు ఒకటి ఉంటుంది. బడిలో గరిమనాభి అని చదువుకున్నది అదే. అక్కడి నుంచి తిన్నగా కిందికి దారం వేలాడదీస్తే అది అడుగు భాగం లోపల పడినంతసేపూ వస్తువు నిలబడుతుంది, బయట పడితే ఒరిగిపోతుంది. మూడున్నర అడుగుల రోకలికి సుమారు మూడు డిగ్రీల వంపు వరకూ ఆ దారం లోపలే పడుతుంది. మూడు డిగ్రీలంటే చేతికి అందని సూక్ష్మమేమీ కాదు. కాస్త ఓపిక ఉంటే ఎవరికైనా కుదురుతుంది. గ్రహణం రోజున అందరిలోనూ ఉండేది ఆ ఓపికే. రెండుసార్లు పడినా మూడోసారి ప్రయత్నిస్తారు. మామూలు రోజున అసలు ఎవరూ ప్రయత్నించరు. అమెరికాలో మార్చి విషువత్తున, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున, కోడిగుడ్డు నిలబడుతుందని నమ్మేవాళ్ళున్నారు. వాళ్ళదీ ఇదే పొరపాటు.

ఇక ఆకర్షణ శక్తి. వినడానికి సైన్సులా ఉంటుంది కాబట్టి ఎక్కువమందిని నమ్మించేది ఇదే. సూర్యుడు, చంద్రుడు ఒకే వైపుకి రావడం గ్రహణానికే ప్రత్యేకం కాదు, ప్రతి అమావాస్యకూ జరిగేదే. చంద్రుడి కక్ష్య ఐదు డిగ్రీలు వాలి ఉండటం వల్ల చాలా అమావాస్యల్లో నీడ భూమి మీద పడదు, అంతే తేడా. పోనీ చంద్రగ్రహణం సంగతి? అప్పుడు చంద్రుడు మన నెత్తిమీద ఉంటే సూర్యుడు మన కాళ్ళ కింద, భూమికి అవతల ఉంటాడు. ఇద్దరూ కలిసి పైకి లాగుతున్నారన్న మాటే కుదరదు.

అసలు ఆ లాగుడు ఎంత? సముద్రానికి పోటు తెచ్చేది అదే కదా అంటారు. నిజమే. కానీ సూర్యచంద్రులిద్దరిదీ కలిపి, అన్నీ గరిష్ఠంగా కలిసొచ్చినా, మూడు కిలోల రోకలి బరువు తగ్గేది సుమారు అర మిల్లీగ్రాము. ఒక బియ్యపు గింజ ఇరవై మిల్లీగ్రాముల దాకా తూగుతుంది. అంటే గింజలో నలభయ్యో వంతు! పైగా బరువు తగ్గినంత మాత్రాన వస్తువు నిలబడదు. అలా అయితే చీపురుపుల్ల రోకలి కంటే ముందే నిలబడాలి.

విడవగానే పడిపోతుందన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. ఆ ఆదివారం రెండు లోపే గ్రహణం విడిచింది. విడుపు స్నానానికి వెళ్తూ పిన్నే రోకలి తీసి మూలన పెట్టింది. సాయంత్రానికి వీధిలో పిల్లలు "విడవగానే పడిపోయింది" అని చెప్పుకుంటున్నారు. పడటం ఎవరూ చూడలేదు.

చివరి మాటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. పెద్దల మీద గౌరవంతో రాశామనుకుంటారు, కానీ వాళ్ళ తెలివిని తక్కువ చేస్తున్నారు. క్రీ.శ. 499 నాటికే ఆర్యభటుడు సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడనీ, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుందనీ స్పష్టంగా రాశాడు. నీడ కొలతలు లెక్కకట్టే పద్ధతీ చెప్పాడు. పంచాంగకర్తలు స్పర్శ, మధ్య, మోక్ష కాలాలు, అంటే గ్రహణం పట్టే, నడిమి, విడిచే వేళలు ముందే గుణించి ఇచ్చేవారు. అంత లెక్క వేయగలిగినవాళ్ళకు గ్రహణం విడిచిందో లేదో చెప్పడానికి రోకలి దేనికి?

2027 ఆగస్టు 2న సూర్యగ్రహణం ఉంది, సోమవారం. ముందురోజు ఆదివారమే, ఇంట్లో అందరూ ఉంటారు. పిల్లల్ని కాస్త దూరంగా కూర్చోబెట్టి, పొన్ను వైపు కిందికి పెట్టి, రోకలిని ఆ రోజే నిలబెట్టండి. తేదీ కనిపించేలా వీడియో తీసి, మర్నాడు ఆ పాత వీడియో వచ్చిన ప్రతి గ్రూపులోనూ పెట్టండి.